కారులో ఆటోమేటిక్ గేర్ల స్థానంలో మాన్యువల్ గేర్లు అమర్చుట

ఆటోమేటిక్ గేరుబాక్సుతో తయారైన కారులో దానిని తీసివేసి, క్లచ్చి పెడలు, చేతితో మార్చే గేర్లు ఉన్న మాన్యువల్ గేరుబాక్సును అమర్చడాన్ని గేరుబాక్సు మార్పిడి అంటారు. అమెరికా, ఐరోపా దేశాలలో కార్ల మీద మక్కువ ఉన్నవారు దీనిని ఇంటి షెడ్డులోనే చేసుకోవడం కలదు. భారతదేశంలో ఇది అరుదు. ఇక్కడి కార్లలో చాలాకాలం మాన్యువల్ గేర్లే ఉండేవి. 2014లో మారుతి సెలెరియో కారులో తక్కువ ధరకే ఆటోమేటిక్ వసతి వచ్చిన తరువాతనే అవి సామాన్యులకు చేరువయ్యాయి. ఆ కార్లు పాతబడి మరమ్మతుకు వస్తున్నందున ఈ మార్పిడి గురించిన ప్రశ్న ఇప్పుడు మెకానిక్కుల వద్ద తరచుగా వినవస్తున్నది.

గేరుబాక్సులలో రకాలు

ఆటోమేటిక్ అనే ఒకే పేరుతో కనీసం నాలుగు రకాల యంత్రాలు వాడుకలో ఉన్నాయి. మార్పిడి సాధ్యమా కాదా అనేది ముఖ్యంగా ఈ రకం మీదనే ఆధారపడుతుంది.

మొదటిది టార్కు కన్వర్టరు రకం. ఇందులో ఇంజనుకు, గేర్లకు మధ్య క్లచ్చి ప్లేటు ఉండదు. నూనెతో నిండిన ఒక డొల్ల పాత్రలో ఎదురెదురుగా ఉన్న రెండు రెక్కల చక్రాలుంటాయి. ఇంజను తిప్పే చక్రం నూనెను విసురుతుంది, ఆ నూనె తాకిడికి రెండవ చక్రం తిరుగుతుంది. ఒక ఫంకా ఎదుట మరొక ఫంకాను పెడితే గాలికి రెండవది కూడా తిరిగినట్లే ఇది పనిచేస్తుంది. పాత మారుతి జెన్, ఎస్టీమ్ కార్ల ఆటోమేటిక్ నమూనాలు ఈ రకానివే. రెండవది సి.వి.టి. ఇందులో పళ్ళ గేర్లకు బదులు వెడల్పు మారే రెండు కప్పీల మధ్య ఉక్కు పట్టీ నడుస్తుంది. మూడవది రెండు క్లచ్చిలు గల డి.సి.టి.

నాలుగవది ఎ.ఎం.టి. సెలెరియోలో వచ్చినది ఇదే. నిజానికి ఇది మాన్యువల్ గేరుబాక్సే. డ్రైవరు కాలు, చేయి చేసే పనిని మోటార్లు, కంప్యూటరు చేస్తాయి. కనుక దీనిని మార్చడానికి మొత్తం గేరుబాక్సును విప్పి పారేయనక్కరలేదు. ఆ మోటార్ల భాగాన్ని తొలగించి పెడలు, గేరు కడ్డీ, కేబుళ్ళు అమర్చవచ్చును. మిగిలిన మూడు రకాలలో మాత్రం గేరుబాక్సు మొత్తం మారవలసిందే.

మార్పిడికి కారణాలు

పాత ఆటోమేటిక్ గేరుబాక్సు పాడైతే దాని మరమ్మతు ఖర్చు కొన్నిసార్లు కారు అమ్మకపు ధరకు దగ్గరగా వస్తుంది. చాలామంది ఆలోచన అక్కడ మొదలవుతుంది. బ్యాటరీ దిగిపోయినప్పుడు మాన్యువల్ కారును నెట్టి స్టార్టు చేయవచ్చు, టార్కు కన్వర్టరు ఉన్న కారును చేయలేము. మూడు, నాలుగు గేర్ల పాత ఆటోమేటిక్ కార్లు పెట్రోలు కూడా ఎక్కువ తాగుతాయి. కొత్త వాటి విషయంలో ఈ తేడా చాలావరకు తగ్గినది, కనుక పెట్రోలు ఆదా కోసమే ఈ పనికి పూనుకోవడం లెక్కకు నిలువదు.

శంషాబాదు పరిసరాలలో మరొక కారణం కూడా ఉన్నది. అది వరద నీరు. రాజీవ్ గాంధీ అంతర్జాతీయ విమానాశ్రయం 2008 మార్చి 23న ఇక్కడ మొదలైన తరువాత ఆరాంఘర్ నుండి శంషాబాదు వరకు 44వ జాతీయ రహదారిపై రద్దీ బాగా పెరిగినది. 2020 అక్టోబరు 13 రాత్రి కురిసిన కుండపోత వర్షానికి గగన్‌పహాడ్ వద్ద అప్పా చెరువు కట్ట తెగి నీరు ఈ రహదారి మీదుగా ప్రవహించినది. వాహనాలు కొట్టుకుపోయాయి, కొందరు ప్రాణాలు కోల్పోయారు. ఆ వర్షాలలో హైదరాబాదు నగరమంతటా ఎన్నో కార్లు నీట మునిగాయి.

నీట మునిగిన కారులో గాలి గొట్టం ద్వారానో, నూనె కొలత చూసే గొట్టం ద్వారానో నీరు గేరుబాక్సులోకి చేరుతుంది. ఎర్రని ఆటోమేటిక్ నూనె నీటితో కలిసి గులాబి రంగు పాలవలె మారుతుంది. లోపలి ఘర్షణ ప్లేట్ల మీది పొర కాగితపు గుజ్జు వంటి పదార్థంతో చేయబడి, జిగురుతో అంటించబడి ఉంటుంది. నీరు తగిలితే ఆ పొర ఊడిపోతుంది. ఆపైన నూనె ఎన్నిసార్లు మార్చినా ప్రయోజనం ఉండదు. మాన్యువల్ గేరుబాక్సులో నీరు చేరితే సాధారణంగా నూనె తీసివేసి, కడిగి, కొత్త నూనె పోస్తే సరిపోతుంది. అయితే క్లచ్చి ప్లేటు తుప్పు పట్టి ఫ్లైవీలుకు అతుక్కునే ప్రమాదం దీనికీ లేకపోలేదు.

కావలసిన భాగాలు

అదే కంపెనీ, అదే నమూనా, అదే ఇంజను కలిగి, ప్రమాదంలో దెబ్బతిన్న మాన్యువల్ కారు ఒకటి పూర్తిగా దొరకడం అన్నిటికన్నా మేలు. రాణిగంజ్ వంటి చోట్ల విడిభాగాలు విడివిడిగా కొనవచ్చును గాని, పని సగంలో ఆగేది సాధారణంగా ఒక చిన్న బ్రాకెట్టో, ఒక పొట్టి బోల్టో లేకపోవడం వల్లనే. పాత భాగాలకు బిల్లు తప్పక తీసుకోవాలి.

గేరుబాక్సుతో పాటు ఫ్లైవీలు, క్లచ్చి ప్లేటు, ప్రెషరు ప్లేటు, రిలీజు బేరింగు, పెడళ్ళ చట్రం, క్లచ్చి కేబులు లేదా హైడ్రాలిక్ సిలిండర్లు, గేరు కడ్డీ, చక్రాలకు శక్తినిచ్చే ఇరుసులు, గేరుబాక్సును మోసే రబ్బరు మౌంట్లు కావాలి. ఆటోమేటిక్ కారులో ఇంజను చివర ఫ్లెక్సు ప్లేటు అనే పలుచని రేకు ఉంటుంది. దాని స్థానంలో బరువైన ఫ్లైవీలు రావాలి. రెండింటి బోల్టుల పొడవు ఒకటి కాదు, పాత బోల్టులు వాడరాదు. క్లచ్చి ప్లేటు, రిలీజు బేరింగు కొత్తవే వేయడం మంచిది. వాటికోసం మళ్ళీ గేరుబాక్సును దించడం రెట్టింపు శ్రమ.

పని జరిగే విధము

చిన్న కారు ఆటోమేటిక్ గేరుబాక్సు కూడా యాభై కిలోలకు పైబడి బరువుంటుంది. ఒంటరిగా దీనిని దించరాదు. టైరు మార్చే జాకీ మీద నిలిపిన కారు కిందికి ఎన్నడూ దూరరాదు. ఇటుకలు, బండరాళ్ళు పేర్చి కారును నిలపడం మన ఇళ్ళలో కనబడే అలవాటు. ఇటుక హఠాత్తుగా పగులుతుంది. గట్టి సిమెంటు నేల మీద, బరువుకు తగిన ఉక్కు స్టాండ్లే వాడాలి.

ముందుగా బ్యాటరీ తీగ విప్పి, నూనెను పాత్రలోనికి దించాలి. శంషాబాదు చుట్టుపక్కల గ్రామాలు అనేకం హిమాయత్ సాగర్ పరీవాహక ప్రాంతంలో ఉన్నవి కనుక ఆ నూనెను కాలువలో పారబోయడం తాగునీటిలో పోసినట్లే. ముందు చక్రాల కారులో ఇరుసులు విప్పిన తరువాత ఇంజనును పైనుండి దూలంతో వేలాడదీసి, టార్కు కన్వర్టరును ఫ్లెక్సు ప్లేటు నుండి విడదీసి, గేరుబాక్సును దించాలి. ఫ్లైవీలు బిగించి, క్లచ్చి ప్లేటును నడిమి కడ్డీ సాయంతో సరిగ్గా మధ్యలో నిలిపి, ప్రెషరు ప్లేటు బోల్టులను ఎదురెదురుగా కొద్దికొద్దిగా బిగించాలి.

కొత్త గేరుబాక్సు ఇంజనుకు చేయి బలంతోనే ఆనుకోవాలి. సందు మిగిలిపోయినప్పుడు బోల్టులు బిగించి దగ్గరకు లాగితే క్లచ్చి ప్లేటు వంగిపోవడమో, గేరుబాక్సు తొడుగు పగలడమో జరుగుతుంది. ఇంటి పనిలో ఎక్కువ నష్టం జరిగేది ఈ ఒక్క తొందరపాటు వల్లనే. గేరుబాక్సులో పోసే నూనె తయారీదారు చెప్పిన తరగతిదే కావాలి.

విద్యుత్ భాగము

ఆటోమేటిక్ కారు పార్కు లేదా న్యూట్రల్ స్థితిలో ఉంటేనే స్టార్టు అవుతుంది. ఈ స్విచ్చి తీగలను ఊరకే కలిపివేస్తే గేరులో ఉన్న కారు కూడా స్టార్టయి ముందుకు దూకుతుంది. ఆ తీగలను క్లచ్చి పెడలు స్విచ్చికి కలపడం సరైన పద్ధతి. వెనుక దీపం తీగలను కొత్త గేరుబాక్సు మీది స్విచ్చికి మార్చాలి. ఇంజను కంప్యూటరు మాన్యువల్ కారుదే కావాలి, దానికి తాళంచెవి గుర్తింపు కూడా కుదరాలి. లేకుంటే హెచ్చరిక దీపం వెలిగి, ఇంజను శక్తి తగ్గిపోవచ్చును. అన్ని కంప్యూటర్లు ఒకదానితో ఒకటి మాట్లాడుకునే కొత్త కార్లలో ఈ పనికి ఇంటి వద్ద పూనుకోకపోవడమే మంచిది.

చట్టము, బీమా

మోటారు వాహనాల చట్టం, 1988లోని 52వ సెక్షను ప్రకారం, రిజిస్ట్రేషన్ పత్రంలోని వివరాలు తయారీదారు మొదట పేర్కొన్న వాటికి భిన్నమయ్యేటట్లు యజమాని వాహనాన్ని మార్చరాదు. కేరళ నుండి వచ్చిన ఒక కేసులో 2019 జనవరిలో సుప్రీంకోర్టు ఈ నియమాన్ని గట్టిగా సమర్థించినది. గేరుబాక్సు రకం పత్రంలో విడిగా ఉండకపోయినా, చాలా కార్ల నమూనా పేరులోనే ఆటోమేటిక్ అని తెలిపే అక్షరాలుంటాయి. 2019 సవరణతో చేరిన 182ఎ సెక్షను ప్రకారం అనుమతి లేని ఒక్కొక్క మార్పుకు ఐదు వేల రూపాయల జరిమానా, ఆరు నెలల వరకు జైలు, లేదా రెండూ విధించవచ్చును. కనుక పని మొదలుపెట్టక ముందే రవాణా శాఖ కార్యాలయంలో లిఖితపూర్వకంగా అడగాలి. అనుమతితో చేసిన మార్పును పద్నాలుగు రోజులలో తెలియజేయవలసి ఉన్నది. బీమా కంపెనీకి చెప్పకపోతే ప్రమాదం జరిగినప్పుడు పరిహారం నిరాకరించబడవచ్చును. డ్రైవింగు లైసెన్సులో మాత్రం కార్లకు ఆటోమేటిక్, మాన్యువల్ అనే భేదం లేదు.

దివ్యాంగుల కోసం వాహనాన్ని అనుకూలంగా మార్చుకోవడానికి ఇదే చట్టం అవకాశం ఇస్తున్నది. వారికి అవసరమైనది తరచుగా ఆటోమేటిక్ కారే. చక్కగా పనిచేసే ఆటోమేటిక్ కారును సరదా కోసం మార్చేకన్నా అట్టివారికి అమ్మి మాన్యువల్ కారు కొనుక్కోవడం ఉభయులకూ లాభం.

మొదటి ప్రయాణాలు

కొత్త క్లచ్చి కుదురుకోవడానికి కొన్ని వందల కిలోమీటర్లు పడుతుంది. అంతవరకు బరువు లాగడం, ఎత్తు మీద క్లచ్చితో కారును నిలపడం కూడదు. 11.6 కిలోమీటర్ల పి.వి. నరసింహారావు ఎక్స్‌ప్రెస్ వే మీదికి గాని, బాహ్య వలయ రహదారి మీదికి గాని వెళ్ళేముందు ఖాళీ వీధులలో అన్ని గేర్లూ, ముఖ్యంగా రివర్సు, పరీక్షించాలి. ఒకటి రెండు రోజుల తరువాత కారు కింద అట్ట పరచి నూనె చుక్కల కోసం చూడాలి. ఇరుసులు గేరుబాక్సులోనికి దూరే చోట ఉండే సీళ్ళు బిగించేటప్పుడు చిరిగిపోవడం సాధారణం.