దయ్యం ఉంది, భయం లేదు

1973లో వచ్చిన 'ది ఎక్సార్సిస్ట్'కు కొనసాగింపు అంటే ఎంతో ఆశపడి చూశాను 'బిలీవర్'ను. డేవిడ్ గోర్డన్ గ్రీన్ తీసిన ఈ ఇంగ్లీషు సినిమా 2023 అక్టోబరులో విడుదలైంది. మూడు సినిమాల హక్కులకే 40 కోట్ల డాలర్లు పోశారని అప్పట్లో వార్త. మొదటిదే ఎంత నిరాశపరిచిందంటే, రెండోదాన్ని విడుదల జాబితాలోంచి తీసేశారు.

పాత సినిమాలో దర్శకుడు విలియం ఫ్రీడ్‌కిన్ దయ్యాన్ని తొందరపడి చూపలేదు. పన్నెండేళ్ల రీగన్ తీరు మారగానే తల్లి పరుగెత్తింది డాక్టర్ల దగ్గరికి. మెదడు పరీక్ష కోసం పిల్ల మెడలో సూది గుచ్చితే రక్తం చిమ్ముతుంది. నేను కళ్లు మూసుకున్నది అక్కడే. డాక్టర్లు చేతులెత్తేశాకే ఫాదర్ వస్తాడు.

కొత్తదాంట్లో ఇద్దరమ్మాయిలకు దయ్యం పడుతుంది. వదిలించడానికి రకరకాల నమ్మకాల వాళ్లు ఒక్క గదిలో చేరతారు. ఎవరి గోడూ మన మనసుకెక్కదు. ఇద్దరిలో ఒక్కరినే ఎంచుకొమ్మని దయ్యం కన్నవాళ్లను అడగడం ఎంత గొప్ప ఘట్టం! నిమిషాల్లో తేల్చేశారు. నాటి తల్లి ఎలెన్ బర్‌స్టిన్‌ను యాభై ఏళ్లకు పిలిపించి, కళ్లు పొడిపించి మంచాన పడేశారు. ఒళ్లు మండింది నాకు.

పూనకాలు నాకు కొత్త కాదు. మాది జనగామ. కొమురవెల్లి మల్లన్నకు పట్నాలు వేసేటప్పుడు శివసత్తులు శిగమూగడం చిన్నప్పటి నుంచీ చూస్తున్నదాన్ని. డోలు జోరెక్కే కొద్దీ జుట్టు విరబోసుకొని ఊగుతారు, నుదుటి బండారి చెమటతో కలిసి కారుతుంది. జనం పారిపోరు. "ఏం తక్కువైంది తల్లీ, చెప్పు" అని చేతులు జోడిస్తారు. మేడారం జాతరలోనూ ఇంతే. "గాలి సోకింది" అన్నప్పుడే ఇల్లు వణికిపోతుంది. మహబూబాబాద్‌లో మా చిన్నమ్మ వాళ్ల వాడకట్టులో ఓ పిల్లకు అలా అంటే, తాయెత్తులు కట్టించారు, వేపమండలతో కొట్టించారు, ఆ తర్వాతే ఆసుపత్రికి తీసుకుపోయారు. కొంగు నోట్లో కుక్కుకొని గడపలో కూలబడిన ఆ తల్లిని చూస్తే తెలుస్తుంది, ఇలాంటి కథకు ప్రాణం ఎక్కడుంటుందో. మన తెలుగు సినిమా 'మసూద' (2022) దాన్ని పట్టుకుంది. కూతురి కోసం అల్లాడే ఒంటరి తల్లిగా సంగీతను చూసి నేను నిజంగా భయపడ్డాను.

'బిలీవర్'ను వదిలేయండి, 'మసూద' చూడండి. మీ ఇంట్లో ఎవరైనా ఉన్నట్టుండి వింతగా మాట్లాడుతున్నా, తమలో తాము లేకుండా పోతున్నా, మంత్రగాడి కంటే ముందు డాక్టరుకు చూపించండి. మానసిక ఆరోగ్య సహాయవాణి 'టెలీ మానస్' నంబరు 14416. ఫోన్ ఉచితం, తెలుగులోనే మాట్లాడొచ్చు.