నర్సమ్మ జీతం ఎవరిస్తారు?

‘ట్రస్టు దవాఖానే గదా, మళ్లా జీతాలెందుకు?’ పాలమూరులోని కోస్గి వైపు స్వచ్ఛంద సంస్థల మాటెత్తితే చాలు, చదువుకున్నవాళ్లే ఈ ప్రశ్న వేస్తారు. నర్సు కిరాణా కొట్లో పుణ్యం చూపించి బియ్యం తెచ్చుకుంటుందని వాళ్ల నమ్మకం కాబోలు.

దాతలిచ్చేవి చూడండి. గోడకు పాలరాతి పలక, ఫ్యాను రెక్కల మీద నాన్నగారి పేరు, అంబులెన్సు తలుపు మీద ఫొటో. ఆ అంబులెన్సు డ్రైవరు జీతం మీద పేరు రాసుకునే చోటుండదు కాబట్టి దానికి దాత దొరకడు. పాలమూరు రైతుకైతే ఇట్టే అర్థమవుతుంది: ఇది బోరు వేయించి మోటరు మరిచిపోవడం. మోటరు దించినా కేబుల్ కావాలి. స్టార్టరు కాలుతుంది, వైండింగుకు పైసలు కావాలి, గేటువాల్వు తిప్పే మనిషి కావాలి. దాతల భాషలో ఇవన్నీ ‘పైఖర్చులు’. నీళ్లు పైకొచ్చేది వాటితోనే.

విదేశీ విరాళాల చట్టాన్ని 2020లో సవరించి ఈ పైఖర్చుల పరిమితిని 50 శాతం నుంచి 20కి దించారు. ఆస్పత్రి డాక్టరు జీతం ఇందులోకి రాదు, అది సేవ కిందే లెక్క. అకౌంటెంటు జీతం, ఫోను బిల్లు, ఆఫీసు అద్దె, బండి నడిపే ఖర్చు వస్తాయి. చిన్న సంస్థకు ఏడాదికి 10 లక్షలు వచ్చాయనుకోండి. పైఖర్చుకు 2 లక్షలు, అంటే నెలకు 16 వేల చిల్లర. పద్దులు రాసే మనిషి, ఆడిటరు, డీజిలు అన్నీ అందులోనే. విరాళం చిన్నదని ఆడిటరు ఫీజు తగ్గించుకోడు గదా! పెద్ద సంస్థ విదేశీ నిధులు తెచ్చి ఊళ్లలోని చిన్నవాటికి పంచే దారినీ అదే సవరణ మూసేసింది. హుండీలో వేసిన నోటుకు లెక్కడగని మనం ట్రస్టు అకౌంటెంటు టీ తాగినా ఆరా తీస్తాం.

పెద్దవాళ్లకూ తిప్పలు తప్పలేదు. 1969 నుంచి అనంతపురంలో పనిచేస్తూ బత్తలపల్లిలో ఆస్పత్రి నడుపుతున్న ఆర్డీటీ స్వచ్ఛంద సంస్థకు విదేశీ నిధుల అనుమతి రెన్యువల్ కాక, 2025లో జనం రోడ్డెక్కారు. ఇక కంపెనీలు లాభాల్లోంచి సేవకు పెట్టాల్సిన 2 శాతం సొమ్ము సంగతి: తమ చుట్టుపక్కలకే ప్రాధాన్యమివ్వాలని 2013 చట్టమే చెబుతోంది. పెద్ద ఫ్యాక్టరీ లేని కోస్గి ఎవరి చుట్టుపక్కలకు వస్తుంది? ఆరోగ్యశ్రీ ఉంది గదా అంటారా, బకాయిలు రాక 2025 సెప్టెంబరులో తెలంగాణలో నెట్‌వర్క్ ఆస్పత్రులు సేవలే ఆపేశాయి.

పైసలు దొరికినా నర్సు నిలవాలి గదా. 2024 జనవరిలో తెలంగాణ ప్రభుత్వం దాదాపు 7 వేల మంది స్టాఫ్ నర్సులకు ఒకేసారి నియామకపత్రాలిచ్చింది. ట్రస్టులో చేయి తిరిగిన పిల్ల సర్కారు కొలువుకు పోతే తప్పెలా పడతాం? పాలమూరు మనిషి బొంబాయి, పుణె పోయిందీ నాలుగు పైసలకే.

దారి కనిపెట్టినవాళ్లూ ఉన్నారు. 1987లో హైదరాబాద్‌లో మొదలైన ఎల్వీ ప్రసాద్ కంటి ఆస్పత్రి, ఉన్నవాళ్ల ఫీజుతో లేనివాళ్లకు ఆపరేషన్లు చేస్తుంది. నాగర్‌కర్నూల్ దగ్గరి తూడుకుర్తిలోనూ దాని కేంద్రముంది. ఇంటర్ చదివిన స్థానిక పిల్లలకే ఏడాది శిక్షణిచ్చి కంటి పరీక్షలకు పెట్టుకుంటుంది. సొంతూరి పిల్లలు అంత తొందరగా వలసపోరు.

అయితే ఉన్నవాళ్ల ఫీజుతో నడిపే ఈ పద్ధతి కంటి ఆపరేషన్లకు కుదిరినట్టు అన్నిటికీ కుదరదు. పక్షవాతంతో మంచాన పడ్డ ముసలమ్మకు ఇంటికెళ్లి పుండు కడిగే పనికి, ఫీజు కట్టే పేషెంట్లు ఎక్కడి నుంచి వస్తారు? కొడుకూ కోడలూ పుణెలో ఉంటారు. ఆమె చేతికొచ్చే వృద్ధాప్య పింఛను 2,016 రూపాయలు. పుండు కడిగే ఆ మనిషి జీతం, బండి పెట్రోలు దాత జేబులోంచే రావాలి.