'మాంగో' అనే మాటలో దాగిన కాయ

విజయవాడ నుంచి ఏలూరు పోయే జాతీయ రహదారి మీద, బాపులపాడు మండలంలోని హనుమాన్ జంక్షన్ వద్ద నూజివీడు దారి చీలుతుంది. వేసవిలో ఆ వైపు తోటల నుంచి బయటికి పోయే సరుకులో ఎక్కువ భాగం కాయలే గాని పండ్లు కావు. చిన్న రసమైనా, బంగినపల్లి అయినా ముదిరిన కాయగా వున్నప్పుడే కోస్తారు; పండడం తరువాతి సంగతి. మనకు పిందె వేరు, కాయ వేరు, పండు వేరు. ఇంగ్లీషులో కాయకూ పండుకూ కూడా 'మాంగో' ఒక్కటే మాట. ఈ మాట ఎక్కడిదో విచారిస్తే అందులో మన కాయే కనిపిస్తుంది.

తమిళంలో మామిడికి 'మా' అని పేరు. దాని కాయ 'మాంగాయ్', అంటే మా, కాయ అనే రెండు మాటల కలయిక. మలయాళంలో అది 'మాంగ' అయింది. కన్నడపు 'మావు', తెలుగు 'మావి', 'మామిడి' ఈ కుటుంబంలోనివే. 1498లో వాస్కోడగామా కాలికట్టు చేరిన తరువాత పోర్చుగీసువారు ఈ మాటను 'మంగ' అని పలికారు. పదహారవ శతాబ్దం చివరికి అది ఇంగ్లీషులోకి వచ్చి, చివర ఓకారం చేర్చుకున్నది. యూల్, బర్నెల్ అనే ఇద్దరు కూర్చగా 1886లో వెలువడిన 'హాబ్సన్-జాబ్సన్' నిఘంటువులో కూడా దీనికి తమిళమూలమే చెప్పారు. సంస్కృతపు 'ఆమ్ర', హిందీ 'ఆమ్' అనే మాటలతో దీనికి సంబంధం లేదు. కనుక 'మాంగో కాయ' అన్నామంటే కాయను రెండుసార్లు అన్నట్లే!

అర్థంలో వచ్చిన మార్పు ఇంకా వింతైనది. ఆ రోజులలో ఓడప్రయాణం నెలల తరబడి సాగేది. పండు ఇంగ్లండు చేరే లోపల కుళ్లిపోయేది. చేరేది ఊరవేసిన కాయ మాత్రమే. చెట్టును చూడనివారు 'మాంగో' అంటే ఊరగాయ అనే అర్థం చేసికొన్నారు. జాన్ ఎవెలిన్ 1699లో వ్రాసిన 'అసిటేరియా'లో దోసకాయతో చేసే 'మాంగో' ఒకటి వున్నది. ఆపైన ఊరవేయడానికే 'మాంగో' క్రియ అయింది. అమెరికాలో ఒహాయో, ఇండియానా ప్రాంతాలలో పెద్ద మిరపకాయలో కూరు కూరి ఊరవేసేవారు. క్రమంగా అక్కడ పచ్చి మిరపకాయకే ఆ పేరు స్థిరపడింది. ఆవకాయ, మాగాయ ఎరిగిన మనకు ఇది అంత వింతగా తోచదేమో.

లిన్నేయస్ 1753లో ఈ చెట్టుకు పెట్టిన 'మాంజిఫెరా ఇండికా' అనే శాస్త్రీయ నామంలోనూ ఈ మాటే వున్నది. 'ఫెరా' అంటే లాటిన్‌లో మోసేది. 'మాంగోస్టీన్' మాత్రం వేరు. అది మలయు భాషలోని 'మంగిస్' నుంచి వచ్చింది. చెట్టు కూడా వేరే కుటుంబానికి చెందినది. మన 'జీడిమామిడి' అనే పేరు అట్లా కాదు: ఆ రెండు చెట్లూ నిజంగానే ఒకే కుటుంబంలోనివి. మామిడి అల్లానికి వాసన తప్ప మామిడితో చుట్టరికం లేదు.

ఉపాధ్యాయులు ప్రత్యేకంగా గమనించవలసినది 'మెచ్యూర్', 'రైప్' అనే విశేషణాలను. 'మెచ్యూర్ మాంగో' అంటే టెంక కట్టి ముదిరిన కాయ. 'రైప్ మాంగో' అంటే పండు. కోసిన తరువాత ముదురు కాయలో ఇథిలీన్ వాయువు పుడుతుంది. పిండిపదార్థం చక్కెరగా మారుతుంది, పులుపు తగ్గుతుంది, కెరోటినాయిడ్లు పెరిగి కండ పసుపెక్కుతుంది. లేత కాయను కోస్తే ఈ మార్పులు సరిగా జరగవు, తోలు ముడతలు పడుతుంది. 'మెచ్యూర్' కాయలు కోయవలె నన్న సలహాను 'పండినవి కోయండి' అని తెలిగిస్తే, దూరప్రాంతపు అంగడికి పంపే రైతు సరుకు దారిలోనే చెడిపోతుంది. 'గ్రీన్ మాంగో' అన్నచోట కూడా జాగ్రత్త అవసరం. సాధారణంగా దానికి పచ్చికాయ అనే అర్థం. అయితే కొన్ని రకాల తోలు పండిన తరువాత కూడా ఆకుపచ్చగానే వుంటుంది. అప్పుడు 'గ్రీన్' అన్నది రంగో, పచ్చిదనమో వాక్యం మొత్తం చదివిన తరువాతనే తేల్చుకోవలె.