టెంకలోని జీడి



మామిడి కోతల రోజుల్లో నూజివీడు దగ్గర ఒక విశ్వాసి ఇంటికి ప్రార్థనకు వెళ్లాము. ప్రార్థన ముగిశాక ఇంటి యజమాని మెల్లగా అడిగారు: “అయ్యగారూ, మావాడు కంప్యూటర్ సైన్సు చదువుతున్నాడు. రాత్రులు మేలుకొని ప్రోగ్రాములు వ్రాసి ఊరికే ఇచ్చేస్తాడట. తోట మీద అప్పు ఇంకా తీరలేదు. ఇదేం తెలివండీ?”

కుర్రవాణ్ణి పిలిచాము. లినక్స్ కెర్నెల్‌లో ఒక చిన్న తప్పు సరిచేస్తున్నానన్నాడు. కెర్నెల్ అంటే టెంకలోని జీడి వంటిది. పైకి కనిపించదు. ఏ ప్రోగ్రాము ముందు నడవాలో, దేనికెంత మెమరీ ఇవ్వాలో చూసుకునేది అదే.

1991లో ఫిన్లాండులోని హెల్సింకి విశ్వవిద్యాలయ విద్యార్థి లైనస్ టోర్వాల్డ్స్, తన 21వ ఏట, దీనిని వ్రాసి అందరి ముందు పెట్టాడు. 1992లో జి.పి.ఎల్. అనే లైసెన్సు క్రిందికి తెచ్చాడు. ఎవరైనా చదవవచ్చు, దిద్దవచ్చు, పంచవచ్చు. అయితే దిద్ది ఇతరులకు ఇచ్చేవారు ఆ దిద్దుబాటును కూడా దాచకుండా ఇవ్వాలి. మంచి చెట్టు కొమ్మ తీసుకొని అంటు కట్టుకున్నవాడు, తన చెట్టు కొమ్మ అడిగినవారికి కాదనకూడదన్నట్లు! నేడు ఆండ్రాయిడ్ ఫోన్ల అడుగున ఉన్నది ఈ లినక్సే. పల్లె పిల్లల కొరకు 2008లో నూజివీడుకు ట్రిపుల్ ఐటీ వచ్చింది. హెల్సింకిలో ధనవంతుని బిడ్డ చదివే ప్రోగ్రామునే ఇక్కడ రైతుబిడ్డ కూడా చదవగలడు.

ఈ అబ్బాయి పంపిన దిద్దుబాటును పెద్దలు పరిశీలించి, తప్పులు చూపి, రెండుసార్లు త్రిప్పి పంపారట. మూడవసారి వ్రాస్తున్నాడు. తలాంతును పాతిపెట్టిన దాసుని సంగతి మనకు తెలుసు. ఈ బిడ్డ తన తలాంతును వాడుతూ, దిద్దుబాటుకు లోబడడం కూడా నేర్చుకుంటున్నాడు.

తండ్రితో, “ఈ పని వచ్చినవారిని కంపెనీలు జీతమిచ్చి పెట్టుకుంటున్నాయి, ఇది వృథా కాదు” అన్నాము. కుమారునితో, “నాన్నగారి అప్పు కూడా నీ భారమే. చదువు పాడుచేసుకోకు” అన్నాము. ఇద్దరూ తల ఊపారు.

బయలుదేరుతుంటే ఆయన చిన్న రసాల బుట్ట తెచ్చి మా చేతికిచ్చారు. “వెల ఎంతండీ?” అన్నాము.

“అయ్యో, మీ దగ్గర డబ్బులా!” అని, కొడుకు వైపు చూసి నవ్వేశారు.

తల్లిదండ్రులారా, మీ బిడ్డలు కంప్యూటరు ముందు ఏమి చేస్తున్నారో కోప్పడక ముందు కూర్చుని అడగండి. వెల లేకుండా పొందినవారు ఎలా ఇవ్వాలో ప్రభువు మత్తయి 10వ అధ్యాయములో శిష్యులకు నేర్పారు. ఈ రాత్రి కుటుంబ ప్రార్థనలో ఆ భాగము చదువుకుందాము.