మగ్గాల వాడలో రొమ్ము క్యాన్సర్: వైద్యం ఏ క్రమంలో జరగాలి?

షోలాపూర్ పట్టణపు తూర్పు భాగంలో మరాఠీ నేలపై తెలుగు మాట వినిపించే వీధులు ఎన్నో ఉన్నాయి. పూర్వపు కరీంనగర్, వరంగల్, నల్లగొండ, మహబూబ్‌నగర్ ప్రాంతాల నుంచి తరతరాలుగా వలస వెళ్లిన పద్మశాలీ కుటుంబాలవి. 1877లో అక్కడ నూలు మిల్లు నెలకొన్న తరువాత ఆ వలస మరింత పెరిగింది. నేడు మగవారు మరమగ్గాలపై చద్దర్లు, తువ్వాళ్లు నేస్తుండగా, ఆడవారు కండెలు చుడతారు. ఒడిలో చాట పెట్టుకుని బీడీలు చుడతారు. సరిహద్దు పల్లెల్లో షోలాపూర్‌తో వియ్యమో, చుట్టరికమో ఉన్న ఇళ్లు చాలానే కనిపిస్తాయి.

అటువంటి ఇంట నలభై అయిదేళ్ల స్త్రీకి స్నానం చేస్తుండగా రొమ్ములో చిన్న గడ్డ చేతికి తగిలిందనుకుందాం. నొప్పి ఉండదు. నొప్పి లేనిదానికి దవాఖానా ఎందుకని ఆమె మిన్నకుంటుంది. రోజు కూలి పోతుందన్న జంకు ఒకటి, మగ డాక్టరుకు చూపించవలసి వస్తుందన్న సిగ్గు మరొకటి. నిజానికి రొమ్ములో వచ్చే గడ్డల్లో అధికభాగం క్యాన్సర్ కానివే. అయితే క్యాన్సర్ గడ్డ తొలిదశలో చాలామందికి నొప్పి పెట్టదు. నొప్పి లేకపోవడాన్ని క్షేమానికి గుర్తుగా భావించడమే ఇక్కడ జరిగే మొదటి పొరపాటు.

రెండవ పొరపాటు వైద్యం మొదలయ్యాక జరుగుతుంది. దీని గురించి మన ఇళ్లలో మాట్లాడుకునేది తక్కువ. ఏ పరీక్షా లేకుండా గడ్డను కోసి తీసివేసి, ఆ తరువాత అది క్యాన్సర్ అని తేలితే, మిగిలిన చికిత్సంతా చిక్కుపడుతుంది. గడ్డ ఎంత పరిమాణంలో ఉండేది, చుట్టూ ఎంత మేర తీయాలి, ముందుగా మందులిచ్చి కరిగించే వీలుండేదా అన్న ప్రశ్నలకు జవాబు దొరకదు. తరచు రెండవసారి కత్తికి లోను కావలసి వస్తుంది. దీన్ని నివారించడానికే నిపుణులు చికిత్సా మార్గదర్శకాలను రూపొందించారు. ఏ దశలో ఏ పరీక్ష, ఏ పరీక్ష తరువాత ఏ చికిత్స అన్నది వేల మంది రోగుల అనుభవాన్ని తూచి రాసిన క్రమమే మార్గదర్శకం. పోగు తప్పితే గుడ్డ ఎలా చెడుతుందో నేతగాడికి వేరే చెప్పనక్కరలేదు.

మన దేశంలో టాటా మెమోరియల్ ఆసుపత్రి సమన్వయంలో 2012లో ఏర్పడిన నేషనల్ క్యాన్సర్ గ్రిడ్ ఇటువంటి మార్గదర్శకాలను ప్రచురిస్తున్నది. భారత వైద్య పరిశోధన మండలి 2016లో రొమ్ము క్యాన్సర్‌పై ఏకాభిప్రాయ పత్రాన్ని వెలువరించింది. అన్నిటా చెప్పే మొదటి మాట ఒక్కటే: మూడు విధాల పరీక్ష జరగాలి. డాక్టరు చేతితో పరీక్షించడం, మామోగ్రఫీ లేదా అల్ట్రాసౌండ్ తీయడం, సూదితో చిన్న ముక్క తీసి చూడడం. సూది గుచ్చితే జబ్బు ఒళ్లంతా పాకుతుందన్న భయం మన పల్లెల్లో గట్టిగా పాతుకుపోయింది. దానికి ఆధారం లేదు. ఆ సూది ముక్కలోనే ఈఆర్, పీఆర్, హెర్-2 అనే మూడు గుణాలను కూడా పరీక్షించాలి. ఈ పరీక్షకు ఖర్చెందుకని మానితే, తరువాత ఏ మందు పనిచేస్తుందో తెలియక గుడ్డిగా వైద్యం చేయవలసి వస్తుంది.

ఉదాహరణకు ఈఆర్ ఉన్నదని తేలితే టామాక్సిఫెన్ అనే మాత్ర అయిదేళ్లు వాడాలి. ఇది చవకైన మాత్ర. అయిదేళ్లు వాడిన ఈ తరహా రోగుల్లో పదిహేనేళ్ల కాలంలో ఈ జబ్బు వల్ల కలిగే మరణాలు దాదాపు మూడోవంతు తగ్గినట్లు 2011లో వెలువడిన అంతర్జాతీయ విశ్లేషణ తేల్చింది. ఖరీదైన సూదిమందుల కోసం అప్పు చేసిన ఇల్లే, ఒంట్లో బాగుందని రెండో ఏట ఈ మాత్ర మానివేయడం విచారకరం. హెర్-2 ఉన్నవారికి ట్రాస్టుజుమాబ్ అనే మందు అవసరమవుతుంది. అది లేనివారికి ఆ మందు ఇవ్వడం డబ్బును నీళ్లలో పోయడమే.

అమెరికాలో చేసేదంతా షోలాపూర్‌లో చేయగలమా అన్న సందేహం సహజం. సరిగ్గా ఈ కారణంగానే బ్రెస్ట్ హెల్త్ గ్లోబల్ ఇనీషియేటివ్ అనే సంస్థ వనరులను బట్టి నాలుగు మెట్లుగా మార్గదర్శకాలను విభజించింది. పెద్ద వసతులు లేనిచోట కూడా విధిగా జరగవలసినవి మొదటి మెట్టులో ఉంటాయి. రొమ్మును పూర్తిగా తీయకుండా గడ్డను మాత్రమే తీసి, ఆపై రేడియేషన్ ఇచ్చినా ఆయుర్దాయం సమానమేనని అమెరికా, ఇటలీలలో ఇరవయ్యేళ్లు సాగిన అధ్యయనాలు 2002లో ధ్రువపరిచాయి. అయితే అందులో రేడియేషన్ విడదీయరాని భాగం. రేడియేషన్‌కు వెళ్లగలిగే వీలు లేని స్త్రీకి రొమ్ము పూర్తిగా తీయడమే సరైన వైద్యం కావచ్చు. ఆ మాట ముందుగా అడిగి నిర్ణయించుకోవడం ఆమె హక్కు.

రేడియేషన్‌ను మన ఊళ్లలో 'కరెంటు పెట్టడం' అంటారు. పూర్వం ఇది వారానికి అయిదు రోజుల చొప్పున అయిదు వారాలు, అంటే 25 విడతలు సాగేది. బ్రిటన్‌లో జరిగిన అధ్యయనాల ఫలితాలు 2008లో, తిరిగి 2013లో వెలువడిన తరువాత 15 విడతలు, అంటే మూడు వారాలు చాలునని తేలింది. తగిన రోగులకు అయిదు విడతలతో ఒక వారంలో ముగించవచ్చునని 2020లో మరో అధ్యయనం చూపింది. రోజు కూలిపై బతికే ఇంటికి రెండు వారాల తేడా చిన్నది కాదు. కనుక "మాకు మూడు వారాల పద్ధతి సరిపోతుందా?" అని డాక్టరును అడగడం తప్పు కాదు.

వైద్యంలో ఏది చేయనక్కరలేదో చెప్పడం కూడా మార్గదర్శకాల పనే. జబ్బు అప్పటికే ఎముకలకో, కాలేయానికో పాకినవారికి రొమ్ము తీసివేయడం వల్ల ఆయుష్షు పెరగదని టాటా మెమోరియల్‌లో 350 మంది స్త్రీలపై జరిగి 2015లో వెలువడిన అధ్యయనం నిరూపించింది. పుండు పడి బాధిస్తుంటే ఉపశమనం కోసం చేసే శస్త్రచికిత్స వేరు. బతికిస్తుందన్న ఆశతో మగ్గం అమ్మి చేయించే శస్త్రచికిత్స వేరు.

ఇంత చెప్పినా అసలు మేలు గడ్డ చిన్నదిగా ఉన్నప్పుడే చూపించుకోవడంలో ఉంది. ముంబయి మురికివాడల్లో 1998 నుంచి ఇరవయ్యేళ్లపాటు లక్షన్నర మందికి పైగా స్త్రీలతో టాటా మెమోరియల్ నిర్వహించిన అధ్యయనం ఇందుకు సాక్ష్యం. శిక్షణ పొందిన ఆరోగ్య కార్యకర్తలు రెండేళ్లకొకసారి చేతితోనే రొమ్ములను పరీక్షించారు. మామోగ్రఫీ లేదు. పరీక్ష జరిగిన వర్గంలో ముదిరిన దశ కేసులు 37 శాతం కాగా, జరగని వర్గంలో 47 శాతం. మొత్తం మీద మరణాల తగ్గుదల గణాంకపరంగా నిశ్చయంగా తేలలేదు గాని, యాభై ఏళ్లు పైబడినవారిలో దాదాపు 30 శాతం మరణాలు తగ్గాయని 2021లో ప్రకటించారు. 2016 నాటి కేంద్ర ప్రభుత్వ విధానం ప్రకారం 30 నుంచి 65 ఏళ్ల స్త్రీలకు అయిదేళ్లకొకసారి ఇటువంటి పరీక్ష జరగాలి. ఆశా కార్యకర్తను అడిగి ఈ పరీక్ష ఎక్కడ చేస్తారో తెలుసుకోవచ్చు.

కాలం విషయంలో ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచన స్పష్టమైనది. మొదటిసారి డాక్టరుకు చూపిన 60 రోజుల్లోగా జబ్బు నిర్ధారణ కావాలి, మూడు నెలల్లోగా చికిత్స మొదలు కావాలి, మొదలైనవారిలో 80 శాతం మంది దాన్ని పూర్తి చేయాలి.

షోలాపూర్ వాసులకు దారి దూరమేమీ కాదు. పట్టణంలో ప్రభుత్వ వైద్య కళాశాల, దాని సార్వజనిక ఆసుపత్రి ఉన్నాయి. సుమారు 70 కిలోమీటర్ల దూరంలోని బార్శీలో నర్గీస్ దత్ స్మారక క్యాన్సర్ ఆసుపత్రి ఉంది. 1987లో దేశంలోనే తొలి గ్రామీణ క్యాన్సర్ నమోదు కేంద్రం మొదలైంది అక్కడే. లెక్కలు రాసుకోవడానికి పల్లెలకు వెళ్లిన కార్యకర్తలు జబ్బు లక్షణాలను వివరించసాగారు. ఆ తరువాత గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ రోగులు తొలిదశలోనే రావడం పెరిగిందని నమోదైంది. మనిషి ఇంటికి వచ్చి తన భాషలో చెబితే ఎంత తేడా వస్తుందో ఇది తెలుపుతుంది.

ఇక ఖర్చు సంగతి. మహారాష్ట్ర ప్రభుత్వ ఆరోగ్య పథకం 2012లో మొదట ఎనిమిది జిల్లాల్లో ఆరంభమైనప్పుడు షోలాపూర్ అందులో ఒకటి. 2017లో దానికి మహాత్మా జ్యోతిరావ్ ఫులే పేరు పెట్టారు. తెలంగాణ కార్డు ఉన్నవారికి ఆరోగ్యశ్రీ ఉంది, హైదరాబాదులో ఎం.ఎన్.జె. ఆసుపత్రి ఉంది. సగం కుటుంబం అక్కడ, సగం ఇక్కడ ఉన్నప్పుడు ఏ కార్డుపై రోగి పేరు ఉందో మొదటే చూసుకోవాలి. చికిత్స మధ్యలో ఊరు మారితే వారాలు వృథా అవుతాయి. మారక తప్పకపోతే బయాప్సీ రిపోర్టుతోపాటు ఆసుపత్రిలో భద్రపరిచిన మైనం దిమ్మెను, గాజు పలకలను కూడా అడిగి తీసుకోవాలి. అవి చేతిలో ఉంటే కొత్త ఆసుపత్రివారు మళ్లీ సూది గుచ్చవలసిన అవసరం చాలావరకు ఉండదు.