మూలనున్న నల్ల సైకిలు.. మళ్లీ దారి పట్టాలంటే

రాజమహేంద్రవరం: పల్లెల్లో పశువుల పాకలోనో, పట్టణాల్లో మెట్ల కిందనో ఒక నల్ల సైకిలు నేటికీ కొన్ని ఇళ్లలో కనిపిస్తుంది. తాతగారు పొలానికి, సంతకు, కచేరీకి వెళ్లివచ్చిన సైకిలది. టైర్లు పగిలి, సీటు తోలు ఎండి, రిమ్ములకు తుప్పు పట్టి ఉంటుంది. పాత ఇనుము కొనేవారు వీధిలోకి వచ్చినప్పుడు దానిని తూకానికి వేయడం రివాజుగా మారింది. ఇరవై కిలోలకు అటూఇటూగా తూగే ఆ ఇనుముకు లభించేది స్వల్ప మొత్తమే. అయితే ఆ సైకిలులో చెడిపోయినట్లు కనిపించే వాటిలో అత్యధికం మార్చుకోదగిన భాగాలే. ఫ్రేము, ముందు ఫోర్కు బాగుంటే చాలు, డెల్టా దారుల్లో రెండు మూడు రోజుల యాత్రకు అది అక్కరకు వస్తుంది. అమ్మేముందు ఒక గంట వెచ్చించి పరిశీలించవలసిన అంశాలు, బాగుచేయించే తీరు, ప్రయాణంలో పాటించవలసిన జాగ్రత్తలు తెలుసుకుందాం.

మారని నమూనా.. అదే వరం

మన నల్ల సైకిలు మూలం ఇంగ్లండుది. స్వాతంత్ర్యానంతరం అదే నమూనా ఇక్కడి కర్మాగారాల్లో స్థిరపడింది. మద్రాసు శివారు అంబత్తూరులో టీఐ సైకిల్స్ 1949లో, సోనీపత్‌లో అట్లాస్ 1951లో, లూథియానాలో హీరో 1956లో ప్రారంభమయ్యాయి. 28 అంగుళాల చక్రాలు, కడ్డీలతో పనిచేసే బ్రేకులు, ముందు 32, వెనుక 40 చువ్వలు, ఒకే గేరు.. ఇదే దాని స్వరూపం. దశాబ్దాలు గడిచినా కొలతలు పెద్దగా మారలేదు. అందుచేత ఒక కంపెనీ సైకిలుకు మరో కంపెనీ గుండ్లు, కోన్లు, చైను చాలావరకు సరిపోతాయి. అట్లాస్ సంస్థ సాహిబాబాద్ కర్మాగారంలో 2020 జూన్ 3న, సరిగ్గా ప్రపంచ సైకిల్ దినోత్సవం నాడే ఉత్పత్తి నిలిచిపోయింది. అయినా ఆ సైకిళ్ల యజమానులకు విడిభాగాల కొరత రాకపోవడానికి ఈ ఏకరూపతే కారణం.

బరువైన సైకిలుపై దూరాలు వెళ్లగలమా అన్న సందేహం సహజం. 1923లో బొంబాయి నుంచి బయలుదేరిన పార్సీ యువకుల్లో ముగ్గురు - ఆది హకీమ్, జాల్ బపసోలా, రుస్తుం భుంగారా - ప్రపంచాన్ని చుట్టి 1928లో తిరిగివచ్చారు. కలకత్తాకు చెందిన బిమల్ ముఖర్జీ 1926లో బయలుదేరి 1937లో స్వదేశం చేరారు. వారికి నేటి తేలికపాటి లోహాలు, ఇరవై గేర్లు లేవు. ఇక మన పుచ్చలపల్లి సుందరయ్య పార్లమెంటుకు సైకిలుపైనే వెళ్లేవారన్నది తెలుగువారికి సుపరిచితమే.

ముందుగా చూడవలసినది ఫ్రేము

పాత సైకిలు ఫ్రేములో ఉక్కు గొట్టాలు కలిసేచోట ఉక్కు తొడుగులుంటాయి. గొట్టాన్ని తొడుగులోకి దూర్చి, మధ్య సందులోకి కరిగిన ఇత్తడిని పారించి అతుకుతారు. ఇత్తడి కరిగే వేడికి ఉక్కు కరగదు కనుక గొట్టం బలం అంతగా తగ్గదు. అతుకు సడలితే తిరిగి అదే పద్ధతిలో వేయించుకోవచ్చు. ఉక్కుకు మరో సుగుణముంది. అది ఒక్కసారిగా పుటుక్కున విరగడం అరుదు; ముందు వంగుతుంది, పగులు చూపుతుంది, రంగు లేస్తుంది. చూసే కన్ను ఉంటే ప్రమాదానికి ముందే పసిగట్టవచ్చు.

పరిశీలన మూడుచోట్ల తప్పనిసరి. మొదటిది, హ్యాండిల్ గొట్టం కింద ఫోర్కు పైభాగం. రెండవది, పెడల్ ఇరుసు ఉండే గుండ్రని గూడు చుట్టూ ఉన్న అతుకులు. మూడవది, వెనుక చక్రం నట్లు బిగించే చీలికలు. తడిగుడ్డతో దుమ్ము తుడిచి, పగటి వెలుగులో చూడాలి. వెంట్రుకవాసి గీత కనిపిస్తే గోటితో గీచి చూడాలి. పైతుప్పు భయపెట్టేది కాదు, గరుకు కాగితంతో పోతుంది. సుత్తి పిడితో మెల్లగా తట్టినప్పుడు గొట్టం ఖంగుమనక బొద్దుగా మోగితే లోపల తినేసిందేమోనని అనుమానించాలి.

ఫ్రేము పగులును నమ్మకమైన పనివానితో అతికించుకోవచ్చు. ఫోర్కు పగిలినా, వంగినా అతికించడం మాట తలపెట్టరాదు, కొత్తది వేయవలసిందే. నడుస్తుండగా ఫోర్కు విరిగితే మనిషి ముఖం రోడ్డుకు తగులుతుంది. ఈ ఒక్కచోట పొదుపు పనికిరాదు.

చక్రంలోనే ఉంది నేర్పు

పాత మెకానిక్కు చేతివాటం తెలిసేది చక్రం బెండు తీయడంలోనే. రిమ్ము ఎడమకు పోతే అక్కడి కుడివైపు చువ్వలను పావు చుట్టు బిగించి, ఎడమవైపు వాటిని అంతే వదులు చేయాలి. ఒకేచోట ఎక్కువ తిప్పితే బెండు మరోచోటికి మారుతుందే తప్ప పోదు. పని ముగిశాక చువ్వలను వీణ తీగల్లా వేలితో మీటి చూడాలి. ఒకవైపు చువ్వలన్నీ దాదాపు ఒకే స్వరం పలికితే బిగువు సమానంగా ఉన్నట్లు. ఒకటి బొంగురుగా పలికిందంటే తరువాతి గుంతలో దాని పొరుగు చువ్వ తెగుతుంది.

కడ్డీ బ్రేకుల సైకిలుకు సంబంధించి చాలామంది గమనించని విషయమొకటుంది. తీగ బ్రేకులు రిమ్మును రెండు పక్కల నుంచి పట్టుకుంటాయి. కడ్డీ బ్రేకు రబ్బర్లు మాత్రం రిమ్ము లోపలి అంచును కిందినుంచి పైకి లాగి అదుముతాయి. అందుచేత పక్కకు కొద్దిపాటి బెండున్నా బ్రేకుకు ఇబ్బంది లేదు. చక్రం పైకీ కిందికీ ఎగరకుండా, అంటే గుండ్రంగా ఉండటమే ముఖ్యం. కుదుపు తెలియని బ్రేకు కావాలంటే ముందు ఆ ఎగుడుదిగుడు తీయించాలి. మరో హెచ్చరిక: మెరుగు పూసిన ఉక్కు రిమ్ము తడిస్తే బ్రేకు చాలావరకు జారిపోతుంది. వానలో రెండింతల దూరం ముందుగానే బ్రేకు అదమడం అలవరచుకోవాలి.

టైరు కొనేటప్పుడు 28 అంగుళాలని మాత్రమే చెబితే పొరపాటు జరగవచ్చు. నల్ల సైకిలుకు కావలసినది 28 x 1½ కొలత. టైరుపై 635 అన్న అంకె ఉండాలి. కొత్త తరహా సైకిళ్లకు వేసే 622 అంకె టైరును కూడా కొందరు 28 అంగుళాలనే అంటారు. అది ఈ రిమ్ముకు ఎక్కదు.

గుండ్లు, కాటర్ పిన్నులు

ఓవరాయిలింగ్ అంటే హబ్బులు, పెడల్ ఇరుసు, హ్యాండిల్ గొట్టం విప్పి, గుండ్లు కడిగి, అవసరమైనవి మార్చి, కొత్త గ్రీజు పెట్టడం. గుండ్లు ఖరీదైనవి కావు కనుక పాతవి తిరిగి వేయనివ్వకండి. కప్పులోనూ కోనుపైనా గుంటలు పడితే అవీ మార్చవలసిందే. కోను బిగింపు సరిగా ఉన్నదీ లేనిదీ తెలుసుకోవడానికి తేలికైన పరీక్ష ఉంది. చక్రాన్ని నేలకు తగలకుండా ఎత్తి వదిలితే, గాలి వాల్వు ఉన్న వైపు బరువుకు చక్రం తనంతట తాను మెల్లగా తిరిగి, కాసేపు అటూఇటూ ఊగి ఆగాలి. ఊగకుండా నిలిచిపోతే బిగువు ఎక్కువ. రిమ్ము పట్టుకుని పక్కకు కదిపితే టకటకలాడితే వదులు.

పెడల్ తొక్కిన ప్రతిసారీ టక్కుమని శబ్దం వస్తుంటే కాటర్ పిన్ను వదులైందని గ్రహించాలి. చేతిని ఇరుసుకు పట్టి ఉంచే చిన్న ఉక్కు మేకు అది. దాని నట్టును పానాతో బలంగా లాగి బిగిద్దామని చూస్తే మర తెగుతుంది. కింద బరువైన ఇనుప ఆధారం పెట్టి, పిన్నును సుత్తితో కూర్చోబెట్టిన తరువాతే నట్టు బిగించాలి. కొత్త పిన్ను తొలి 50 కి.మీ.లో కొంత సర్దుకుంటుంది కనుక మరోసారి బిగింపు తప్పనిసరి. ఈ రెండవ బిగింపును మరచినవారే పిన్నులు నాసిరకమని నిందిస్తుంటారు.

చైను అరుగుదలను స్కూలు పిల్లల అడుగు బద్దతో కొలవవచ్చు. ఒక పిన్ను మధ్య నుంచి 24వ పిన్ను మధ్య వరకు సరిగ్గా 12 అంగుళాలుండాలి. అంగుళంలో ఎనిమిదో వంతు పెరిగితే చైను మార్చాలి. అప్పటికి ఫ్రీవీలు పళ్లు కూడా అరిగి ఉంటాయి కనుక రెండూ కలిపి మార్చడం మేలు. పాత పళ్లపై కొత్త చైను ఎగిరి పడుతుంది.

మనిషికి తగిన కొలత

మోకాళ్ల నొప్పులకు సైకిలును తప్పుపట్టేవారిలో పలువురి సీటు అవసరానికి మించి కిందికి ఉంటుంది. ఆగినప్పుడు రెండు పాదాలూ నేలకు ఆనాలని అలా దించుతారు. సీటుపై కూర్చుని, పెడల్ అడుగున ఉన్నప్పుడు మడమను దానిపై ఉంచితే కాలు నిటారుగా చాపుకోవాలి. పాదం ముందుభాగంతో తొక్కినప్పుడు మోకాలు సహజంగానే కొద్దిగా వంగి ఉంటుంది. అదే తగిన ఎత్తు. సీటు గొట్టం కనీసం రెండున్నర అంగుళాలు ఫ్రేములోపల ఉండాలి. అంతకు మించి పైకి లాగవలసి వస్తే ఆ ఫ్రేము మీకు చిన్నది.

నల్ల సైకిళ్లు ఎక్కువగా 22, 24 అంగుళాల ఫ్రేములతో వచ్చాయి. పైగొట్టానికి ఇరువైపులా కాళ్లు వేసి నిలబడినప్పుడు ఒక అంగుళమైనా ఖాళీ ఉండాలి. పొట్టివారు తాతగారి 24 అంగుళాల సైకిలుపై మమకారంతో దూరప్రయాణం చేయబూనడం క్షేమకరం కాదు. దానిని ఇంట్లో పొడుగరికి అప్పగించడమే ఉత్తమం.

ఒకే గేరు విషయానికి వస్తే, సాధారణంగా ముందు 44 పళ్లు, వెనుక 18 పళ్లుంటాయి. పెడల్ ఒక చుట్టు తిరిగితే సైకిలు సుమారు 5.4 మీటర్లు వెళుతుంది. ఒంటరిగా, సామాను లేకుండా అయితే బాగానే ఉంటుంది. సామానుతో, ఎదురుగాలిలో మాత్రం బరువు. వెనుక 22 పళ్ల ఫ్రీవీలు వేస్తే చుట్టుకు సుమారు 4.5 మీటర్లకు తగ్గి, తొక్కుడు తేలికవుతుంది. వేగం కాస్త తగ్గినా సాయంత్రానికి ఒంట్లో ఓపిక మిగులుతుంది. చైనుకు ఒక లింకు కలపవలసి రావచ్చు. హబ్బులోనే మూడు గేర్లుండే అమరిక మరింత మేలైనదే గానీ, 36 రంధ్రాల హబ్బు మన 40 రంధ్రాల వెనుక రిమ్ముకు కుదరదు. కొనేముందు రంధ్రాలు లెక్కించుకోవాలి.

డెల్టా దారిలో..

ఒక గేరు సైకిలుకు గోదావరి డెల్టాను మించిన నేల లేదంటే అతిశయోక్తి కాదు. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయిన తరువాత విస్తరించిన కాలువల గట్లు, వాటి వెంట రోడ్లు దాదాపు సమతలంగా సాగుతాయి. రాజమహేంద్రవరం నుంచి ధవళేశ్వరం బ్యారేజీ మీదుగా బొబ్బర్లంక చేరి, ఆత్రేయపురం, లొల్ల ప్రాంతాల గుండా రావులపాలెం వెళ్లవచ్చు. పూతరేకుల కోసం ఆత్రేయపురంలో ఆగనివారు అరుదు. అక్కడి నుంచి అమలాపురం చేరితే తొలిరోజుకు సుమారు 65 కి.మీ. అవుతుంది. కొత్తవారికి అది చాలు. రావులపాలెం వద్ద జాతీయ రహదారిని దాటడం వరకే తప్ప దానిపై సైకిలు నడపకపోవడమే శ్రేయస్కరం.

రెండవ రోజు రాజోలు మీదుగా వశిష్ఠ సాగరంలో కలిసే అంతర్వేదికి వెళ్లవచ్చు. సఖినేటిపల్లి రేవులో పంటు నడుస్తున్నదీ లేనిదీ ముందుగా విచారించుకుంటే, ఏరు దాటి నరసాపురం, పాలకొల్లు వైపు నుంచి తిరిగి రావచ్చు. వేసవిలో మధ్యాహ్నం నుంచి సముద్రపు గాలి లోతట్టుకు వీస్తుంది. కనుక తీరం వైపు వెళ్లే రోజున తెల్లవారకముందే బయలుదేరాలి. తిరుగు ప్రయాణానికి ఆ గాలే వీపు తడుతుంది. ఇదే సైకిలుతో మారేడుమిల్లి ఘాట్ ఎక్కాలని మాత్రం ఉబలాటపడవద్దు. ఎక్కడానికి దిగి నెట్టుకోవచ్చు గానీ, దిగేటప్పుడు పాత కడ్డీ బ్రేకులపై ప్రాణం పెట్టడం సాహసం కాదు, అవివేకం.

సామాను వెనుక క్యారియరుపై వీలైనంత కిందికి, రెండు పక్కలా సమాన బరువుతో కట్టాలి. హ్యాండిలుకు సంచి తగిలిస్తే సైకిలు మాట వినదు. గాలి పంపు, ఒక ట్యూబు, సొల్యూషన్, ప్యాచీలు, వాల్వు ట్యూబు ముక్క, నాలుగు చువ్వలు, రెండు కాటర్ పిన్నులు, నట్లకు తగిన పానాలు, చిన్న నూనె సీసా వెంట ఉండాలి. మోటారు సైకిళ్ల దుకాణాలు ప్రతి ఊళ్లోనూ ఉన్నా, కడ్డీ బ్రేకు మరలు, కాటర్ పిన్నులు తెలిసిన చేతులు ఇప్పుడు తగ్గిపోయాయి. ఉన్నవారిలో ఎక్కువమంది వయసు పైబడినవారే. కాబట్టి ఓవరాయిలింగ్‌కు సైకిలును దుకాణంలో వదిలి రాకుండా, పక్కనే కూర్చుని చూడటం, ఒక కోను మీరే బిగించి చూపించమని అడగటం మంచిది. దారిలో చీకటి పడిన వేళ ఆ అరపూట నేర్చినదే పనికి వస్తుంది.

యాత్ర ముగించి వచ్చిన మర్నాడు కాటర్ పిన్నుల నట్లు, వెనుక చక్రం నట్లు, బ్రేకు కడ్డీల మరలు ఒక చుట్టు చూసుకుని, చైను తుడిచి రెండు చుక్కల నూనె వేయాలి. రిమ్ములపై నూనె పడితే వెంటనే పొడిగుడ్డతో తుడవాలి.