మృత్యువులోనే అమృతం

ఇంట్లో పెద్దవారు మంచాన పడితే మృత్యుంజయ జపం చేయించడం మన ఆచారం. ఆమధ్య ఒక గృహస్థు నన్ను పక్కకు పిలిచి, "స్వామీ, అమ్మకు వినబడుతుంది. ఆ 'మృత్యు' శబ్దం రాకుండా చెప్పగలరా?" అని అడిగారు. ఆయన కళ్లలో నీళ్లు. మీలో చాలామందికీ ఈ జంకు ఉండే ఉంటుంది. అందుచేత ఆ మాట పుట్టుక గురించి కొంత విన్నవిస్తాను.

'మృఙ్' ధాతువుకు ధాతుపాఠం చెప్పిన అర్థం ప్రాణత్యాగం. మృతి, మరణం, మృత్యువు దాని సంతానమే. మరణించేవాడు గనుక మానవుడు మర్త్యుడు. లాటిన్‌లో మరణం 'మోర్స్'. పారశీకంలోనూ, ఆర్మేనియన్‌లోనూ పురుషుణ్ణి, మనిషిని 'మర్ద్' అంటారు. మన మర్త్యుడికి జ్ఞాతి. గ్రీకు దేవతల ఆహారమైన 'అంబ్రోసియా' మన అమృతానికి తోబుట్టువు. సంస్కృత, గ్రీకు, లాటిన్‌లకు మూలం ఒకటేనని 1786లో కలకత్తాలో సర్ విలియం జోన్స్ ప్రతిపాదించారు. తరువాతి పండితులు ఈ మాటలన్నిటినీ పోల్చి, 'మెర్' అనే మూలధాతువును ఊహించారు. ఏ గ్రంథంలోనూ దొరకనిది గనుక దాని ముందు నక్షత్రపు గుర్తు ఉంచుతారు. (మన తెలుగు 'చావు' ఈ వంశానిది కాదు, అది ద్రావిడ పదం.)

నన్ను ఆశ్చర్యపరచినది హిట్టైట్ భాష. నేటి టర్కీలో మట్టిపలకలపై దొరికిన ఆ భాష గుట్టును 1915లో హ్రోజ్నీ అనే పండితుడు విప్పారు. అందులో ఈ ధాతువుకు అర్థం 'కనబడకుండా పోవు'! మరణమనే అర్థం తరువాత వచ్చిందని కొందరి అభిప్రాయం. నాకది సబబుగానే తోస్తుంది. మనం మాత్రం పెద్దలు చచ్చిపోయారంటామా? కాలం చేశారంటాం. దీపం ఆరిందనం, కొండెక్కిందంటాం. మీరు భయపడే ఆ మాట కూడా ఒకనాడు అటువంటి మెత్తని పలుకే కావచ్చు.

ఋగ్వేదం ఏడవ మండలం, 59వ సూక్తంలోని ఆ మంత్రం చివరి పాదంలో మృత్యువు, అమృతం రెండూ పక్కపక్కనే ఉన్నాయి. తొడిమ నుంచి దోసపండులా మొదటిదాని నుంచి విడిపించమని, రెండవదాని నుంచి వేరు చేయవద్దని ప్రార్థన. మొదటి మాట తీసేస్తే ఇక దేని నుంచి విడిపించమని అడుగుతాం?

ఇదే ఆయనకు చెప్పాను. మారుమాటాడకుండా తల్లి మంచం పక్కనే పీట వేసి, గోత్రనామాలు చెప్పారు.